షాపు నెట్‌వర్కును కాపాడుకోవడం ఎలా: స్విచింగ్ నుంచి దాడుల దాకా అడుగడుగునా

ఇది ఎవరికంటే, బెజవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపు నడిపేవాళ్లకి, గుంటూరు మిర్చి యార్డు పక్కన కమీషన్ కొట్టు ఉన్నవాళ్లకి, బ్రాడీపేటలో ట్యూషన్ సెంటరో లబ్బీపేటలో చిన్న క్లినిక్కో పెట్టుకుని ఐదారు నుంచి ఇరవై దాకా కంప్యూటర్లు, ఒక బిల్లింగ్ మిషను, నాలుగు కెమెరాలు అన్నీ ఒకే ఇంటర్నెట్ లైను మీద నెట్టుకొస్తున్నవాళ్లకి. డిప్లొమాలోనో బీటెక్‌లోనో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపరు కోసం స్విచింగ్ పద్ధతులు ఒక యూనిట్‌లో, సెక్యూరిటీ దాడులు ఇంకో యూనిట్‌లో విడివిడిగా బట్టీ పట్టేస్తున్న పిల్లలకి కూడా.

విడివిడిగా చదివితే రెండూ బుర్రకెక్కవు. డేటా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు మధ్యలో ఉన్న ప్రతి డబ్బా ఏదో ఒకటి గుడ్డిగా నమ్ముతుంది. ఈ అడ్రసు నిజమే అనో, ఈ జవాబు అసలైనవాడే ఇచ్చాడనో, మొదలుపెట్టిన కనెక్షన్ వాడే పూర్తిచేస్తాడనో. దాడి చేసేవాడు ఆ నమ్మకం ఎక్కడుందో వెతుక్కుని అక్కడ చెయ్యి పెడతాడు. అందుకే నేను దాడుల లిస్టుతో మొదలుపెట్టను, డేటా వెళ్లే దారితో మొదలుపెడతాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇందులో దాడులు ఎలా పనిచేస్తాయో ఉంటుంది, ఏ టూల్ ఎక్కడ దొరుకుతుందో ఉండదు. వేరేవాళ్ల నెట్‌వర్కు మీద సరదాకి కూడా చేయకండి, మోసపూరితంగా చేశారని తేలితే ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. హాస్టల్ వైఫై కూడా వేరేవాళ్లదే బాబూ.

మొదటి అడుగు: కాగితం మీద బొమ్మ గీయండి

ఏ పరికరమూ కొనకముందు, ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. బయట నుంచి వచ్చే ఫైబర్ గోడ మీద ఏ డబ్బాలోకి వెళ్తోంది, అందులోంచి రూటర్‌కి ఏ కేబుల్ వస్తోంది, రూటర్ నుంచి స్విచ్‌కి (కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే డబ్బాకి) ఏది, స్విచ్‌లో ఒక్కో పోర్టు నుంచి వెళ్లే వైరు చివర ఏముంది, అన్నీ గీయండి. బిల్లింగ్ కంప్యూటర్, ట్యాలీ ఉన్న సిస్టమ్, ప్రింటర్, కార్డు స్వైప్ మిషన్, కెమెరాల డీవీఆర్, క్యాబిన్‌లో టీవీ. వైఫై మీద నడిచేవి పక్కన విడిగా రాయండి.

ఈ పని చేస్తే చాలా షాపుల్లో ఒక వైరు సీలింగ్ పైకెక్కి ఎటు పోయిందో ఎవరికీ తెలియదని బయటపడుతుంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లకి ఎప్పుడో మొహమాటానికి ఇచ్చిన కనెక్షన్ అయ్యుండొచ్చు, పాత భాగస్వామి గోడౌన్‌కి లాగిన లైను అయ్యుండొచ్చు. ఆ వైరు కొసన ఎవరున్నా సరే మీ లోపలి నెట్‌వర్కులోనే ఉన్నట్టు, మీ రూటర్‌లో ఉన్న ఫైర్‌వాల్ వాళ్లని ఆపదు, ఎందుకంటే అది బయటి నుంచి వచ్చేవాటికి కాపలా.

తర్వాత బ్రౌజర్‌లో రూటర్ పేజీ తెరవండి. చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, రూటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద కూడా రాసి ఉంటుంది. అక్కడ కనెక్టయి ఉన్న పరికరాల జాబితా కనిపిస్తుంది. దాన్ని మీ కాగితంతో పోల్చండి. కాగితం మీద లేనిది జాబితాలో ఉంటే అది ఎవరిదో తేలేదాకా ముందుకెళ్లకండి. ఒక కెమెరాకో టీవీకో అర్థంకాని పేరు ఉండొచ్చు, ఒక్కోదాని వైరు తీసి చూస్తే ఏది మాయమైందో తెలిసిపోతుంది.

రెండో అడుగు: డేటా వెళ్లే మూడు పద్ధతులు అర్థం చేసుకోండి

షాపు వాళ్లు ఈ భాగం వదిలేద్దామనుకుంటారు, వదలొద్దు. ఇది తెలిస్తే తర్వాత వచ్చే సెట్టింగులన్నీ ఎందుకో మీకే అర్థమవుతుంది.

మొదటిది సర్క్యూట్ స్విచింగ్. గుంటూరు నుంచి మద్రాసుకు ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్నవాళ్లు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నారు, అడగండి. కాల్ కలిసిందంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక దారి మీ ఒక్కరికే కేటాయించినట్టు. మీరు మాట్లాడినా మౌనంగా ఉన్నా ఆ దారి ఇంకెవరికీ ఇవ్వరు. మాట ఆలస్యం లేకుండా సాఫీగా వెళ్తుంది కానీ లైను సగం సేపు ఖాళీగా వృథా.

ఆటోమేటిక్ టెలిఫోన్ స్విచ్ పుట్టుక కథ ఒకటుంది. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు తనకు రావాల్సిన కాల్స్‌ని పోటీ వ్యాపారికి కలిపేస్తోందని అనుమానించి, అసలు ఆపరేటరే అక్కర్లేని స్విచ్ తయారుచేశాడని చెప్పుకుంటారు. పేటెంటు 1891లో వచ్చింది. ఆ అనుమానం నిజమో కాదో పక్కన పెట్టండి, మధ్యలో కూర్చున్నవాడు ట్రాఫిక్‌ని తనకు కావల్సిన వైపు తిప్పేయడమంటే మనం ఇప్పుడు మ్యాన్ ఇన్ ద మిడిల్ అంటున్న దాడే కదా.

సర్క్యూట్ పద్ధతిలో ఇంకో బలహీనత 1960లు, 70ల్లో బయటపడింది. అమెరికా టెలిఫోన్ వ్యవస్థలో కాల్‌ని నడిపించే సంకేతాలు కూడా మాట వెళ్లే లైనులోనే వెళ్లేవి. 2600 హెర్ట్జ్ శబ్దం వినిపిస్తే లైను ఖాళీ అయిందని ఎక్స్ఛేంజి నమ్మేది. కుర్రాళ్లు అదే శబ్దాన్ని పుట్టించి డబ్బు కట్టకుండా దూరపు కాల్స్ చేసుకున్నారు. ఆ తర్వాత సంకేతాలకి వేరే దారి పెట్టారు. గుర్తుపెట్టుకోండి, అజమాయిషీ సమాచారం, మామూలు సమాచారం ఒకే దారిలో ఉంటే ఎవడో ఒకడు దాన్ని వాడుకుంటాడు. మీ రూటర్ అడ్మిన్ పేజీ కస్టమర్ల వైఫైలోంచి తెరుచుకుంటుంటే మీదీ అదే తప్పు.

రెండోది మెసేజ్ స్విచింగ్. మనకి తెలిసిన ఉదాహరణ టెలిగ్రాం, 2013 జూలైలో మన దేశంలో ఆపేశారు. సందేశం మొత్తం ఒక ఆఫీసుకి చేరాలి, అక్కడ నిల్వ ఉండాలి, ముందుకు లైను దొరికాక తర్వాతి ఆఫీసుకి వెళ్లాలి. దారి ముందే కేటాయించక్కర్లేదు. కానీ ప్రతి మజిలీలో పూర్తి సందేశం నిల్వ ఉంటుంది, అంటే ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు పూర్తిగా చదవొచ్చు. పెద్ద సందేశం ఒకటి వస్తే వెనకున్న చిన్నవన్నీ ఆగిపోతాయి. పరీక్షలో రెండు మార్కులకి ఇంత చాలు.

మూడోది, ఇప్పుడు ఇంటర్నెట్ అంతా నడిచేది, ప్యాకెట్ స్విచింగ్. 1960ల మొదట్లో అమెరికాలో ర్యాండ్ కార్పొరేషన్‌లో పాల్ బారన్, అణుదాడిలో కొన్ని కేంద్రాలు పోయినా మిగిలినవి మాట్లాడుకోగలిగే నెట్‌వర్కు గురించి రాశాడు. బ్రిటన్‌లో నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీలో డొనాల్డ్ డేవిస్ ఆయనతో సంబంధం లేకుండా అదే ఆలోచనకి వచ్చాడు, ప్యాకెట్ అనే పేరు ఆయన పెట్టిందే. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి, ఇంటర్నెట్‌కి ముందు తరం నెట్‌వర్కయిన ఆర్పానెట్ మీద లాగిన్ అని పంపబోతే మొదటి రెండు అక్షరాలకే అవతలి సిస్టమ్ పడిపోయింది. ఆరంభమే అలా.

ప్యాకెట్ పద్ధతిని మన మిర్చి లెక్కలో చెప్తాను. యార్డు నుంచి చెన్నైకి వెయ్యి టిక్కీలు పంపాలి. ప్రతి టిక్కీకి నంబరు, చేరాల్సిన అడ్రసు రాసేసి ఏ లారీ ఖాళీ ఉంటే దానికి ఎక్కించేస్తే, ఒకటి ఒంగోలు మీదుగా పోతుంది, ఒకటి ఇంకో దారిలో పోతుంది, వరుస తప్పి చేరతాయి, అక్కడ నంబరు చూసి పేర్చుకుంటారు. ఇది డేటాగ్రామ్ పద్ధతి, ఇంటర్నెట్‌లో ప్యాకెట్లకి అడ్రసు రాసి పంపే ఐపీ ఇలాగే నడుస్తుంది. అలా కాకుండా ముందే ఒక దారి అనుకుని అన్ని లారీలూ వరుసగా అదే దారిలో వెళ్తే వర్చువల్ సర్క్యూట్. ఎక్స్ 25, ఏటీఎం (డబ్బులిచ్చే మిషను కాదు, ఒక నెట్‌వర్కు పద్ధతి), ఫ్రేమ్ రిలే ఈ కోవలోవి. దారి ఒకటే అయినా రోడ్డు మీ లారీల కోసం ఖాళీ చేయించరు, వేరేవాళ్లూ వెళ్తుంటారు, సర్క్యూట్ స్విచింగ్‌కీ దీనికీ తేడా అక్కడే. విద్యార్థులు ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేదీ అక్కడే.

ఇప్పుడు బలహీనతలు చూడండి. డేటాగ్రామ్ మీద పంపినవాడి అడ్రసు పంపినవాడే రాస్తాడు, దారిలో సాధారణంగా ఎవరూ తనిఖీ చేయరు, కాబట్టి దొంగ అడ్రసు రాయొచ్చు. దీన్నే ఐపీ స్పూఫింగ్ అంటారు. మధ్యలో ఉన్న ప్రతి రూటర్‌లో ప్యాకెట్లు వరుసలో నిలబడే చోటు పరిమితం, కాబట్టి చెత్త ప్యాకెట్లతో దాన్ని నింపేయొచ్చు, అది డినయల్ ఆఫ్ సర్వీస్, అంటే అసలువాళ్లకి సేవ అందకుండా చేయడం. ప్యాకెట్ లోపల ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా గుప్తంగా మార్చడం) లేకపోతే దారిలో ఎవరైనా చదవొచ్చు, దాన్ని స్నిఫింగ్ అంటారు. మిగతా దాడుల్లో చాలావరకు ఈ మూడింటికి పిల్లలే.

మూడో అడుగు: షాపులో ఉన్న స్విచ్ సంగతి

టేబుల్ కింద దుమ్ములో మినుకు మినుకుమంటూ ఉండే ఆ చిన్న డబ్బా ఏం చేస్తుందో చూద్దాం. పాత రోజుల్లో హబ్ ఉండేది, ఒక పోర్టులో వచ్చింది అన్ని పోర్టులకీ పంపేసేది, పక్క కంప్యూటర్‌లో కూర్చుని అందరి ట్రాఫిక్ చదువుకోవచ్చు. స్విచ్ అలా కాదు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ 48 బిట్ల మ్యాక్ అడ్రసు ఉంటుంది. ఏ పోర్టులోంచి ఏ మ్యాక్ అడ్రసు మాట్లాడుతోందో చూసి స్విచ్ ఒక పట్టిక రాసుకుంటుంది, ఆ తర్వాత ఎవరికి రావాల్సింది వాళ్ల పోర్టుకే పంపుతుంది. కొంతసేపు మాట్లాడని అడ్రసుని కొట్టేస్తుంది, చాలా స్విచ్‌ల్లో ఆ గడువు 300 సెకన్లు.

స్విచ్ దగ్గర డేటా ముక్కని ఫ్రేమ్ అంటారు, దాన్ని ముందుకు పంపడంలో మళ్లీ మూడు రకాలు. స్టోర్ అండ్ ఫార్వర్డ్ స్విచ్ ఫ్రేమ్ మొత్తం తీసుకుని, చివర్లో ఉన్న నాలుగు బైట్ల చెక్ విలువ సరిపోయిందో లేదో చూసి పంపుతుంది. కట్ త్రూ స్విచ్ మొదటి ఆరు బైట్లలో గమ్యం అడ్రసు కనపడగానే పంపేయడం మొదలుపెడుతుంది, వేగం ఎక్కువ, పాడైన ఫ్రేములు కూడా దాటిపోతాయి. ఫ్రాగ్మెంట్ ఫ్రీ 64 బైట్ల దాకా ఆగి చూస్తుంది, ఎందుకంటే పాత ఈథర్‌నెట్‌లో ఢీకొనడం వల్ల వచ్చే ముక్కలు అంతకంటే చిన్నగా ఉంటాయి. అయితే స్టోర్ అండ్ ఫార్వర్డ్‌లో ఎర్రర్ చెక్ ఉంది కదా, అది సెక్యూరిటీ అనుకోకండి. అది వైరులో దెబ్బతిన్న ఫ్రేమ్‌ని పట్టుకుంటుంది, దొంగ ఫ్రేమ్ తయారుచేసేవాడు చెక్ విలువ కూడా కరెక్టుగానే లెక్కగట్టి పెడతాడు.

స్విచ్ మీద మొదటి దాడి మ్యాక్ ఫ్లడింగ్. స్విచ్ పట్టికలో చోటు పరిమితం, చిన్నవాటిలో కొన్ని వేల అడ్రసులు పడతాయి. లోపలున్న ఒక కంప్యూటర్ నుంచి వేల కొద్దీ దొంగ మ్యాక్ అడ్రసులతో ఫ్రేములు కుమ్మరిస్తే పట్టిక నిండిపోతుంది, కొత్తగా నేర్చుకోవడానికి చోటుండదు, తెలియని అడ్రసుకి వచ్చినవన్నీ అన్ని పోర్టులకీ పంపడం మొదలుపెడుతుంది. అంటే స్విచ్ కాస్తా హబ్ అయిపోతుంది. మందు పోర్ట్ సెక్యూరిటీ, ఒక్కో పోర్టులో ఒకటో రెండో మ్యాక్ అడ్రసులకి మించి ఒప్పుకోవద్దని చెప్పడం. ఇది మేనేజ్డ్ స్విచ్‌లోనే, అంటే సెట్టింగులు మార్చుకోగలిగే స్విచ్‌లోనే ఉంటుంది. మామూలు స్విచ్ ఉంటే దాన్ని తాళం ఉన్న ర్యాక్‌లో పెట్టి, వాడని వాల్ పోర్టుల వైరు స్విచ్ దగ్గర పీకేయండి, పైసా ఖర్చు లేదు.

రెండోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏఆర్‌పీ స్పూఫింగ్. మీ కంప్యూటర్‌కి రూటర్ ఐపీ అడ్రసు తెలుసు కానీ మ్యాక్ తెలియదు. అందుకని 192.168.1.1 ఎవరు అని అందరినీ అడుగుతుంది. నేనే అని ఎవరు జవాబిస్తే వాళ్లని నమ్మేస్తుంది, అడగకుండా జవాబొచ్చినా చాలా సిస్టమ్‌లు నమ్మేస్తాయి. ఈ ఏఆర్‌పీ పద్ధతి 1982 నాటిది, అప్పుడు నెట్‌వర్కులో ఉన్నవాళ్లంతా మనవాళ్లే అనుకున్నారు, ఎవరో ఏమిటో రుజువు అడిగే ఏర్పాటే పెట్టలేదు. దాడి చేసేవాడు నీకు నేనే రూటర్ అని కంప్యూటర్‌కి, నేనే ఆ కంప్యూటర్ అని రూటర్‌కి చెప్పి మధ్యలో కూర్చుంటాడు. ఇంటర్నెట్ మామూలుగానే వస్తుంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

చెక్ చేయడం తేలిక. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో ఏఆర్‌పీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ ఏ కొట్టి (arp -a) ఎంటర్ నొక్కండి. ఐపీల జాబితా, పక్కన మ్యాక్ అడ్రసులు వస్తాయి. రూటర్ ఐపీ పక్కనున్న మ్యాక్, రూటర్ స్టిక్కర్ మీదున్న మ్యాక్ కలవాలి, స్టిక్కర్ మీద దాంతో చివరి ఒకటి రెండు అంకెలు తేడా ఉంటే కంగారుపడకండి, ఒకే రూటర్‌కి లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి ఉంటాయి. పూర్తిగా వేరే నంబరు ఉన్నా, ఇంకో కంప్యూటర్ ఐపీ పక్కన కూడా అదే మ్యాక్ కనిపించినా అప్పుడు ఆలోచించాలి. అన్నీ మామూలుగా ఉన్న రోజున ఒకసారి ఆ స్క్రీన్‌ని ఫొటో తీసి పెట్టుకోండి, అనుమానం వచ్చిన రోజు పోల్చుకోవడానికి. మేనేజ్డ్ స్విచ్ ఉంటే డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ ఆన్ చేయించండి. లేకపోతే ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్సే మీకు దిక్కు: సైటు దాని మీద ఉంటే మధ్యలో కూర్చున్నవాడికి లోపలున్నది కనపడదు, మోసం చేయబోతే సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికని తోసేసి ముందుకెళ్లే అలవాటు మీ క్యాషియర్‌కి ఉంటే ఈ రోజే మాన్పించండి.

మూడోది దొంగ డీహెచ్‌సీపీ. డీహెచ్‌సీపీ అంటే కంప్యూటర్లకి ఐపీ అడ్రసులు పంచే ఏర్పాటు. కంప్యూటర్ ఆన్ కాగానే నాకు ఐపీ ఇవ్వండి అని అరుస్తుంది, ముందు ఎవరు ఇస్తే వాళ్లది తీసుకుంటుంది, గేట్‌వే (బయటికి వెళ్లే దారి) ఎవరో, డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ అడ్రసు చెప్పేది) ఎవరో కూడా వాళ్లు చెప్పిందే వింటుంది. మన దగ్గర ఇది దాడిగా కన్నా అమాయకంగానే ఎక్కువ జరుగుతుంది: వైఫై సరిగా అందట్లేదని ఎవరో ఇంటి నుంచి పాత రూటర్ తెచ్చి స్విచ్‌లో గుచ్చుతారు, గంటలో సగం సిస్టమ్‌లకి నెట్ పోతుంది. ఐపీకాన్ఫిగ్ కమాండ్‌తో స్లాష్ ఆల్ కలిపి (ipconfig /all) కొడితే డీహెచ్‌సీపీ సర్వర్ ఎవరో చూపిస్తుంది, అది మీ రూటర్ ఐపీ కాకపోతే ఎవరో గుచ్చారని అర్థం. డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ ఉంటే దీన్ని స్విచ్‌లోనే ఆపొచ్చు. అన్నట్టు, ఒకే వైరు రెండు కొసలూ అదే స్విచ్‌లో పెట్టేసినా నెట్‌వర్కు మొత్తం కుప్పకూలుతుంది, బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు, అంటే అందరికీ పంపేవి, గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. హ్యాక్ అయిందని హడావుడి పడేముందు అది కూడా చూడండి.

నాలుగో అడుగు: రూటర్, కెమెరాలు

రూటర్ అడ్మిన్ పాస్‌వర్డు అడ్మిన్ అనే ఉంటే ఇది చదవడం ఆపి ముందు అది మార్చి రండి. వైఫై పాస్‌వర్డు వేరు, అడ్మిన్ పాస్‌వర్డు వేరు, రెండూ ఒకటే పెట్టకండి. ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే షాపు మూసేముందు చేయండి, మధ్యలో కరెంటు పోకుండా రూటర్ ఇన్వర్టర్ మీదో యూపీఎస్ మీదో ఉండాలి. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి అడ్మిన్ పేజీ తెరవడం) ఆఫ్. యూపీఎన్‌పీ (పరికరాలే రూటర్‌లో దారి తెరుచుకునే సెట్టింగ్) ఆఫ్. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డు బదులు పిన్‌తో వైఫై కలిపేది) కూడా ఆఫ్, ఎందుకంటే దాని ఎనిమిదంకెల పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూసే లోపం ఉందని 2011లో బయటపడింది, కోట్ల ప్రయత్నాలు కావాల్సిన చోట పదకొండు వేలు సరిపోతాయి.

డీఎన్ఎస్ సెట్టింగ్ ఒకసారి చూడండి. అక్కడ మీరు గానీ మీ ప్రొవైడర్ గానీ పెట్టని అడ్రసు ఉంటే, మీరు బ్యాంకు పేరు కొట్టినా ఇంకెక్కడికో తీసుకెళ్లొచ్చు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) లక్షల కంప్యూటర్లలో సరిగ్గా ఇదే పని చేసింది, 2011లో ఆ ముఠాని పట్టుకున్నారు.

ఇక కెమెరాలు. షాపు యజమాని ఫోన్‌లో చూసుకోవాలని డీవీఆర్‌కి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరేలా రూటర్‌లో దారి తెరవడం) పెట్టేసి, పాస్‌వర్డు కంపెనీ ఇచ్చిందే ఉంచేసి వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లు మన దగ్గర బోలెడు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లనే వెతుక్కుంది. అందులో ఉన్నది అరవై చిల్లర డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డు జతల జాబితా, అంతే. వాటితో దొరికిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. మా షాపుని ఎవడు హ్యాక్ చేస్తాడండీ అనేవాళ్లకి నా జవాబు ఇదే. మీ షాపు ఎవరికీ అక్కర్లేకపోవచ్చు, మీ డీవీఆర్ కావాలి. మిరాయ్ పరికరం మెమరీలోనే ఉంటుంది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోతుంది, కానీ పాస్‌వర్డు మార్చకపోతే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముందు పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి, పాస్‌వర్డు మార్చండి, ఆ తర్వాత రీస్టార్ట్ చేయండి.

ఐదో అడుగు: వైఫై, విడగొట్టడం

వైఫై సెక్యూరిటీ సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ 2 గానీ డబ్ల్యూపీఏ 3 గానీ ఉండాలి. పాత పద్ధతి డబ్ల్యూఈపీ కనిపిస్తే ఆ రూటర్‌ని మార్చేయండి. పాస్‌వర్డు షాపు పేరు, ఫోన్ నంబరు, కులదైవం పేరు పక్కన 123 వద్దు. వైఫైకి ఉన్న ప్రత్యేకమైన బెడద ఈవిల్ ట్విన్: మీ వైఫై పేరుతోనే పక్కన ఇంకో వైఫై పెడతారు, డీఆథెంటికేషన్ (కనెక్షన్ తెంచుకో అని చెప్పే) ఫ్రేములు పంపి మీ ఫోన్‌ని అసలుదాని నుంచి తెంపుతారు, ఫోన్ వెళ్లి దొంగదానికి అతుక్కునేలా చూస్తారు, లేదా పాస్‌వర్డు మళ్లీ కొట్టమని ఒక పేజీ చూపిస్తారు. వైఫై పాస్‌వర్డుని బ్రౌజర్ పేజీలో ఎప్పుడూ కొట్టకండి, అది అడిగేది ఫోన్ సెట్టింగుల్లోనే. రూటర్‌లో పీఎంఎఫ్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేస్తే ఆ తెంపే ఫ్రేములు పనిచేయవు.

విడగొట్టడం అంటే, బిల్లింగ్, ట్యాలీ ఒకవైపు, కెమెరాలు ఒకవైపు, కస్టమర్లు, స్టాఫ్ ఫోన్లు ఒకవైపు. మేనేజ్డ్ స్విచ్ ఉంటే వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్కులు) పెట్టించండి. లేకపోతే రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ఫోన్లన్నీ అటు నెట్టేయండి. మిర్చి సీజన్‌లో కొట్టుకొచ్చే ప్రతి రైతుకీ, ప్రతి లారీ డ్రైవర్‌కీ అసలు పాస్‌వర్డు చెప్తూ పోతే సీజన్ అయ్యేసరికి అది యార్డంతటికీ తెలిసిపోతుంది. గెస్ట్‌ది చెప్పండి, సీజన్ అయ్యాక మార్చండి.

ఆరో అడుగు: బయటి నుంచి వచ్చేవి

ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్లు కనెక్షన్ కలుపుకునే పద్ధతి టీసీపీ, అది మూడు మాటల్లో మొదలవుతుంది: కలుద్దామా అని ఒకరు, సరే నువ్వు రెడీనా అని రెండోవారు, రెడీ అని మళ్లీ మొదటివారు. రెండో మాట చెప్పాక సర్వర్ మూడో మాట కోసం చోటు ఉంచి ఎదురుచూస్తుంది. మొదటి మాటలు వేలల్లో పంపి మూడో మాట అసలు చెప్పకపోతే ఆ చోటంతా నిండిపోతుంది. అదే సిన్ ఫ్లడ్, మొదటి మాట పేరే సిన్. 1996లో న్యూయార్క్‌లో ప్యానిక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీని ఇది కొన్ని రోజులు ముప్పుతిప్పలు పెట్టింది, ఆ తర్వాతే సిన్ కుకీలు అనే ఉపాయం వచ్చింది, మూడో మాట వచ్చేదాకా చోటు కేటాయించకుండా నెట్టుకొచ్చే పద్ధతి. స్పూఫింగ్‌తో ఇంకో ఎత్తు ఉంది: పంపినవాడి అడ్రసు చోట బాధితుడి అడ్రసు రాసి ఎక్కడో ఉన్న సర్వర్లని చిన్న ప్రశ్న అడిగితే, పెద్ద జవాబులన్నీ బాధితుడి మీద పడతాయి. 2018 ఫిబ్రవరిలో గిట్‌హబ్ మీద ఇలా సెకనుకి 1.35 టెరాబిట్ల వరద వచ్చింది. ఇలాంటిది మీ లైను మీదకొస్తే మీ రూటర్‌లో ఏ సెట్టింగూ అక్కరకు రాదు, లైను ముందే నిండిపోతుంది, ప్రొవైడర్ వైపే ఆపాలి. వాళ్లకి ఫోన్ చేయండి, టికెట్ నంబరు రాసుకోండి.

మీరు మీ చేతుల్తో ఆపగలిగింది ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్. 2017 మే 12న వాన్నాక్రై ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లకి కూడా తగిలింది. అది దూరిన కన్నం విండోస్ ఫైల్ షేరింగ్‌లోది, దానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చేసింది. రెండు నెలలు చాలామంది వేసుకోలేదు. కాబట్టి అప్‌డేట్లు వాయిదా వేయకండి. ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవాలని రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని (ఇది స్విచ్ మీది పోర్టు కాదు, సాఫ్ట్‌వేర్ తలుపు నంబరు) ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారేమో మీ అకౌంటెంట్‌ని అడగండి, ఉంటే ఈ రోజే మూయించి వీపీఎన్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్రైవేటు దారి) ద్వారా పెట్టించండి. ట్యాలీ డేటా బ్యాకప్ ఒక బయటి హార్డ్‌డిస్క్‌లో తీసి, తీసిన వెంటనే డిస్క్ ఊడదీసి ఇంటికి పట్టుకెళ్లండి. గుచ్చే ఉంచిన డిస్క్‌ని ర్యాన్సమ్‌వేర్ దాంతోపాటే తాళం వేస్తుంది. బ్యాకప్‌ని అప్పుడప్పుడు వేరే సిస్టమ్‌లో తెరిచి కూడా చూడాలి, తెరుచుకోని బ్యాకప్‌తో జీఎస్‌టీ రిటర్న్ వేయలేం.

ఏడో అడుగు: జరిగిపోతే

ముందు ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ వైరు పీకండి, వైఫై ఆపండి. ఫార్మాట్ కొట్టేయకండి, మన దగ్గర అందరూ చేసేది అదే, దాంతో ఆధారాలు పోతాయి. స్క్రీన్ మీద ఉన్నది ఫోన్‌తో ఫొటో తీయండి, టైము రాయండి. డబ్బు పోతే ఏ మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. బ్యాంకుకీ చెప్పండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఆ నంబరు దాచుకోండి. కంపెనీలకైతే సెర్ట్ ఇన్ (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, అందులో చెప్పిన రకాల ఘటనలు తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి. తర్వాత, శుభ్రంగా ఉన్న వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డులు మార్చండి, ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకువి, తర్వాత రూటర్‌ది.

ఇదంతా ఒకసారి చేసి వదిలేసేది కాదు కాబట్టి నెలకోసారి, జీతాలిచ్చే రోజనుకోండి, మొదటి అడుగులో గీసిన కాగితం తీసి రూటర్ జాబితాతో పోల్చండి. కొత్త పేరు కనిపిస్తే ముందు బావమరిది కొత్త ఫోనేమో కనుక్కోండి, కాకపోతే వైఫై పాస్‌వర్డు మార్చేసి, ఏఆర్‌పీ జాబితా ఇంకోసారి చూడండి. మానేసిన స్టాఫ్‌కి తెలిసిన పాస్‌వర్డులు వాళ్లు మానేసిన రోజే మార్చాలి, నెలాఖరు దాకా ఆగకూడదు.